ట్యాంక్‌బండ్ బుద్ధుడు, గణపతి స్థపతి, మన లైబ్రరీ పెయింటింగ్

లైబ్రరీ మెట్ల పక్కన ఆర్ట్స్ క్లబ్ వాళ్లు ఈమధ్య పెట్టిన పెద్ద పెయింటింగ్ మీరు చూసే ఉంటారు. చాలామంది "ఓ, ట్యాంక్‌బండ్ బుద్ధుడు" అనేసి సెల్ఫీ దిగి వెళ్లిపోతున్నారు. అది బుద్ధుడి బొమ్మే కానీ, అసలు వేసింది ఆ విగ్రహాన్ని మలిచిన ఎస్.ఎం. గణపతి స్థపతి గారికి నివాళిగా. ఆయన ఇప్పుడు లేరు. పెయింటింగ్‌లో మూడు భాగాలున్నాయి, ఒక్కొక్కటీ చూద్దాం.

ఎడమవైపు: కొండ

బూడిదరంగు కొండ, దాని మీద చీమల్లాంటి మనుషులు. అది భువనగిరి దగ్గరి రాయగిరి. అమెరికాలో లిబర్టీ విగ్రహం చూసొచ్చిన ఎన్టీఆర్, మన హైదరాబాద్‌కీ అలాంటిది ఒకటి ఉండాలనుకున్నారు. అలా మొదలైంది పని. ఎత్తు 58 అడుగులు, బరువు దాదాపు 350 టన్నులు, మొత్తం ఒకే రాయి. ఒకే రాయి అంటే ఏంటో ఆలోచించండి. మనం కోడ్‌లో తప్పు చేస్తే అన్‌డూ కొడతాం. అక్కడ ముక్కు దగ్గర ఉలి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే అతికించడానికేం లేదు.

మరి అంత పెద్ద రాయిలో కొలత ఎలా తప్పకుండా ఉంటుంది? శిల్పశాస్త్రంలో దీనికి 'తాళం' అనే కొలత ఉంది. ముఖం పొడవు ఒక తాళం. మిగతా శరీరమంతా ఆ లెక్కలోనే. అంటే అడుగులూ అంగుళాలూ కాదు, నిష్పత్తులు. అరచేతిలో పట్టే బొమ్మకీ, కొండంత విగ్రహానికీ అదే సూత్రం. వెబ్ పేజీలో పిక్సెల్స్ బదులు పర్సంటేజ్ వాడినట్టు అన్నమాట. ఈ లెక్కంతా తెలిసి, శిల్పులందరి చేతా పని చేయించే పెద్దనే స్థపతి అంటారు.

మధ్యలో: నీళ్లు

ఇక్కడే క్లబ్‌లో గొడవైంది. నీటిపైన నిలబడ్డ బుద్ధుడు, నీటి అడుగున పడుకున్న బుద్ధుడు, ఇద్దరినీ వేశారు. "నివాళి బొమ్మలో ప్రమాదం ఎందుకురా?" అని కొందరన్నారు. 1990 మార్చి 10న విగ్రహాన్ని హుస్సేన్‌సాగర్ మధ్యలోని జిబ్రాల్టర్ రాక్‌కి తీసుకెళ్తుంటే అది బార్జి మీంచి జారి చెరువులో మునిగిపోయింది. దాంతోపాటు పనివాళ్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండున్నరేళ్లకు పైగా బుద్ధుడు నీళ్లలోనే ఉన్నాడు. చివరికి 1992 డిసెంబర్ 1న పైకి లేపి నిలబెట్టారు.

నా ఉద్దేశంలో ఆ భాగం ఉండాల్సిందే. అభయముద్రలో ఉన్న ఆ కుడిచేతిని బోటులోంచి చూసి మురిసిపోతాం. ఆ చెయ్యి అక్కడికి చేరడానికి ఎవరెవరు ఏం పోగొట్టుకున్నారో దాచేస్తే అది సగం కథే. అందుకే నీటి అంచున వేసిన చిన్న చిన్న దీపాలు నాకు బాగా నచ్చాయి. వాటి పక్కన పేర్లు రాయలేదు, కానీ లెక్కలోంచి తీసెయ్యలేదు.

కుడివైపు: చేతులు

స్థపతి గారి ముఖం లేదు. ఉలి, సుత్తి పట్టుకున్న రెండు చేతులు, ఒక కొలతతాడు, అంతే. ఇది సరైన పనేనని నాకనిపిస్తుంది, ఎందుకంటే బుద్ధుడి ముఖం గుర్తుపట్టే మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? 1990లో పద్మశ్రీ వచ్చినా మనకి తెలీదు. వెతికినా ఇంకో తికమక: కన్యాకుమారి తిరువళ్లువర్ విగ్రహం చేసిన వి. గణపతి స్థపతి వేరే ఆయన. ఇద్దరినీ ఒకరే అనుకునేవాళ్లు చాలామంది. అందుకే కింద ఇంటిపేరు అక్షరాలతో సహా పెద్దగా రాయమని మన తెలుగు క్లబ్ తరఫున అడిగాం, రాశారు.

యాదగిరిగుట్టకి వెళ్లేవాళ్లు దారిలో రాయగిరి బోర్డు కనిపిస్తే ఒకసారి తల తిప్పి చూడండి. ఆ బుద్ధుడి సొంతూరు అదే.