వార్తల్లో పదం: సాఫ్ట్‌వేర్ పైరసీ

హక్కుదారుని అనుమతి లేక కంప్యూటర్ ప్రోగ్రామును నకలు చేయుట, పంచుట, వాడుట సాఫ్ట్‌వేర్ పైరసీ యనబడును. తెలిసి అట్టి నకలును వాడినవానికి 1957 నాటి కాపీరైటు చట్టమందలి 63బి సెక్షను 7 దినముల నుండి 3 ఏండ్ల వరకు కారాగారమును, 50 వేల నుండి 2 లక్షల రూపాయల జరిమానాను విధించుచున్నది. ఐనను, సిద్దిపేట జిల్లా ధూళిమిట్ట వంటి మండలకేంద్రమున పెండ్లిపత్రికలు, ఫ్లెక్సీలు కూర్చి బ్రతుకు డీటీపీ పనివానికి లైసెన్సు వెల ఆదాయమునకు మించినదై, నకలు పెన్‌డ్రైవులో ఉచితముగా లభించుచున్నంత కాలము, దండభయ మొక్కటే ఈ దోషమును మాన్పునని నేను నమ్మజాలను.

అట్టి నకళ్లకు బదులుగా వాడదగిన గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులును, సూరన్న, మండలి, రామభద్ర మున్నగు ఉచిత యూనికోడ్ ఫాంట్లును నేడు గలవు. కాని ఆ నకలు ప్రోగ్రాములో యూనికోడ్ కాని పాత ఫాంట్లతో కూర్చిన ఫైలును యూనికోడ్ ఫాంటునకు మార్చినంతనే అక్షరములు చెదరిపోవుటచే, ఏండ్ల శ్రమను వదలుకొనలేక పనివాడు పాత నకలునే పట్టుకొని వ్రేలాడుచున్నాడు. కావున ప్రభుత్వము మొదట సమకూర్పవలసినది నమ్మదగిన ఫాంటుమార్పిడి సాధనము, మండలస్థాయి శిక్షణ. కంపెనీలు చేయవలసినది గ్రామీణాదాయమున కందు వెల నిర్ణయించుట.