చిల్లికుండలో జ్ఞాపకం

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక జిరాక్స్ షాపు. భూమి కాగితాల నకళ్ల కోసం వచ్చిన పెద్దాయన బల్ల మీద కూర్చుని గంట దాటింది.

"ఇంకెంతసేపు బిడ్డా?"

"జర ఆగు తాతా, సిస్టం తిరుగుతనే ఉన్నది."

తెర మీద గుండ్రం తిరుగుతోంది. డబ్బాలోంచి హార్డ్ డిస్క్ ఆగకుండా కరకరమంటోంది. ఆ చప్పుడు వింటే నాకు రోగమేంటో అర్థమైంది. ముసలిదై మందగించిన యంత్రం కాదది, పని పరుచుకోవడానికి చోటు చాలని యంత్రం.

ఆ చోటు పేరే ర్యామ్. ప్రాసెసర్ ఏది ముట్టాలన్నా అది ముందు ర్యామ్‌లోకి రావాలి. ర్యామ్ నిండిపోతే విండోస్ కొంత సరుకును డిస్క్‌లోకి నెట్టి, కావాల్సినప్పుడు మళ్లీ లాక్కొస్తుంది. ర్యామ్ నుంచి అందుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు చాలు. తిరిగే డిస్క్‌కు సుమారు 10 మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్లు. పాలమూరు లెక్కలో చెప్పాలంటే, పక్కింటి నుంచి నిమిషంలో తేవాల్సిన గడ్డపార కోసం బొంబాయికి వలసపోయి డెబ్బై రోజులకు తిరిగొచ్చినట్టు.

ఈ ర్యామ్‌కు ముందుతరాన్ని చూపిస్తే పోచంపల్లి నేతన్న ఇట్టే గుర్తుపడతాడు. అది మగ్గం పనిలాగే ఉండేది. 1950లలో, 60లలో కంప్యూటర్ జ్ఞాపకమంటే ఆవగింజంత ఫెరైట్ ఉంగరాలే. పడుగు పేకల్లా సన్నని తీగలు, అవి కలిసే ప్రతి చోటా ఒక ఉంగరం. అయస్కాంతత్వం ఒకవైపు తిరిగితే 1, రెండోవైపు తిరిగితే 0. సూక్ష్మదర్శిని కింద చూస్తూ వాటిని గుచ్చింది ఎక్కువగా ఆడవాళ్లే. చీర మీది రంగు ఒకసారి అద్దితే అంతే. ఈ నేతలో మాత్రం గుర్తును ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

హైదరాబాద్‌లో 1967లో ఎ.ఎస్. రావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్, ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది. 1969 నాటి ఆ యంత్రం జ్ఞాపకం 4 కె పదాలు, పదానికి 12 బిట్లు. మొత్తం కలిపితే 6 కిలోబైట్లు! దాన్ని కూడా 32 కె పదాల దాకా పెంచుకునే వీలుండేది. ర్యామ్ వేయించడం మన జిరాక్స్ షాపుల కాలంలో పుట్టిన ముచ్చట కాదు.

ఉంగరాల రోజులు చెల్లిపోవడానికి కారకుడు ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్. ఒక బిట్‌కు ఒకే ట్రాన్సిస్టర్, ఒకే కెపాసిటర్ చాలన్నాడు. 1968లో పేటెంట్ వచ్చింది. 1970లో ఇంటెల్ 1103 చిప్ 1,024 బిట్లతో బజారుకెక్కింది. చిక్కల్లా కెపాసిటర్ చిల్లికుండ కావడమే. నింపిన విద్యుదావేశం కారిపోతూనే ఉంటుంది. అందుకే ప్రతి వరుసనూ సుమారు 64 మిల్లీసెకన్లకోసారి చదివి మళ్లీ నింపుతారు. కరెంటు పోతే ఉంగరాలకు గుర్తుండేది, ఈ కుండకు ఉండదు. సేవ్ చేయని దరఖాస్తు గాలికి పోయేది ఇందుకే. అయినా చిల్లికుండే గెలిచింది, ఎందుకంటే దాన్ని ఎంత చిన్నగానైనా చేయొచ్చు. అరచేతిలో పట్టే 8 జీబీ ముక్కలో దాదాపు 14 లక్షల టీడీసీ-12ల జ్ఞాపకం ఇమిడిపోతుంది.

షాపు కుర్రాడితో టాస్క్ మేనేజర్ తెరిపించాను. 4 జీబీ నిండుకుండలా ఉంది. సగం ఖాళీగా కనిపించి ఉంటే ర్యామ్ జోలికి పోవద్దనే చెప్పేవాణ్ణి, అప్పుడు ఎస్ఎస్‌డీ మేలు. విండోస్ 32 బిట్‌దైతే మామూలుగా 4 జీబీకి మించి వాడుకోలేదు. అదృష్టం, ఇది 64. పాత ముక్క డీడీఆర్3. కుర్రాడు ముందు తెచ్చింది డీడీఆర్4. గంటు కుదరక అది స్లాట్‌లో దిగనే లేదు. ఇంకో దుకాణానికి పరుగెత్తి సరైనది తెచ్చాడు. పాతదాని బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్ది, రెండింటినీ రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కాడు.

కరకర ఆగింది. నకళ్లు బయటికొచ్చాయి. పెద్దాయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, ఖాళీ ర్యామ్ ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గింత ముక్క లేకనా బిడ్డా, నన్ను పొద్దటిసంది కూసోబెట్టినవ్?"