స్త్రీల పోలింగ్ శాతం, రాజకీయ మొగ్గు: గణాంకాలు చెప్పేదెంత?

వ్యాససంగ్రహం: లోక్‌సభ ఎన్నికలలో స్త్రీ పురుషుల పోలింగ్ శాతాల మధ్య 1962లో దాదాపు 17 శాతం పాయింట్ల అంతరం ఉండేది. 2019 నాటికి అది పూర్తిగా తొలగిపోయింది. ఈ మార్పును చూపి “ఫలానా పార్టీని స్త్రీల ఓటే గెలిపించింది” అనే నిర్ధారణలు పత్రికలలోనూ, పరిశోధన పత్రాలలోనూ తరచుగా కనిపిస్తున్నాయి. ఓటర్ల జాబితాలో నమోదు కావడం, పోలింగ్‌లో పాల్గొనడం, ఒక పార్టీ వైపు మొగ్గడం అనేవి మూడు వేర్వేరు అంశాలు. వీటిని కలిపివేసినప్పుడు నిర్ధారణ ఎక్కడ జారిపోతుందో బీహార్, ఆంధ్రప్రదేశ్ అనుభవాల ఆధారంగా, స్త్రీల ఓట్లను విడిగా లెక్కించిన చిలీ, జర్మనీ దేశాలతో పోల్చి ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్త్రీ ఓటర్లు, పోలింగ్ శాతం, రాజకీయ మొగ్గు, ఓటర్ల జాబితా, మద్యనిషేధం, రహస్య బ్యాలెట్.

1. ఉపోద్ఘాతం

ఎన్నికల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ విశ్లేషకులు వెతికే మొదటి కారణాలలో స్త్రీల ఓటు ఒకటి. పోలింగ్ కేంద్రాల ముందు స్త్రీల వరుస పొడవుగా ఉన్నదంటే అది అధికార పక్షానికి అనుకూలమని ఒకరు, ప్రతికూలమని మరొకరు అదే సాయంత్రం చెబుతారు. ఒకే దృశ్యం నుండి రెండు విరుద్ధ నిర్ధారణలు వస్తున్నాయంటే ఆ దృశ్యంలో నిర్ధారణకు కావలసిన ఆధారం లేదని అర్థం.

మార్పు మాత్రం వాస్తవం. ఎన్నికల సంఘం గణాంకాల ప్రకారం 1962 లోక్‌సభ ఎన్నికలలో పురుషులలో 63.3 శాతం, స్త్రీలలో 46.6 శాతం ఓటు వేశారు. 2009 నాటికి అంతరం 4.4 పాయింట్లకు, 2014లో దాదాపు 1.5 పాయింట్లకు తగ్గింది. 2019లో స్త్రీలు మొదటిసారి స్వల్పంగా ముందుకు వచ్చారు. 2024లో స్త్రీల పోలింగ్ 65.78 శాతం, పురుషులది 65.55 శాతం. అక్షరాస్యత, స్థానిక సంస్థలలో రిజర్వేషన్లు, స్వయం సహాయక సంఘాలు, పోలింగ్ కేంద్రాల వద్ద భద్రత వంటి కారణాలను పరిశోధకులు చర్చించారు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. వచ్చిన స్త్రీలు ఎటు ఓటు వేశారని ఈ శాతాల నుండి చెప్పగలమా అన్నదే ఈ వ్యాస విషయం.

2. జాబితాలో పేరు

పోలింగ్ శాతం ఒక భిన్నం. ఓటు వేసినవారు లవం, జాబితాలో నమోదైనవారు హారం. జాబితాలోకే రాని స్త్రీ ఈ భిన్నంలో ఎక్కడా కనిపించదు. మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలు తయారవుతున్నప్పుడు ఉత్తర భారతంలో అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పడానికి ఇష్టపడక ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అని మాత్రమే నమోదు చేయించుకున్నారు. సొంత పేరు లేని నమోదును అంగీకరించరాదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించారు. ఫలితంగా దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకు దూరమయ్యారు. ఓటు వేయడానికి రాలేదని వారిని అనలేము. వారు రాగలిగిన వారి లెక్కలోనే లేరు.

ముదిత్ కపూర్, షమికా రవి 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ చిక్కును గుర్తించి, ప్రతి 1000 మంది పురుష ఓటర్లకు ఎందరు స్త్రీలు ఓటు వేశారన్న నిష్పత్తిని కొలమానంగా తీసుకున్నది. 1960 దశకంలో 715గా ఉన్న ఈ నిష్పత్తి 2000 దశకంలో 883కు చేరింది. మార్పు గణనీయమైనదే, కాని సమానత్వానికి ఇంకా దూరం ఉన్నదని కూడా ఇదే సంఖ్య చెబుతున్నది. పోలింగ్ శాతం మాత్రమే చూసేవారికి ఈ రెండవ భాగం కనబడదు. పెళ్లి తరువాత అత్తవారి ఊరికి మారిన యువతి పేరు పుట్టింటి జాబితాలో తొలగి, కొత్త ఊరి జాబితాలో చేరడానికి మధ్య గడిచే కాలం కూడా ఈ లోటులో భాగమే. ఆంధ్రప్రదేశ్‌లో నేడు జాబితాలోని స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యను మించింది కనుక ఈ సమస్య ఇక్కడివారికి అంతగా తోచదు. 2024లో దేశం మొత్తం మీద 1000 మంది పురుష ఓటర్లకు జాబితాలో ఉన్న స్త్రీలు 946 మంది.

3. హారం మారితే శాతం మారుతుంది: బీహార్

స్త్రీల పోలింగ్ గురించిన చర్చలో బీహార్‌ది ప్రధాన స్థానం. 2010 అసెంబ్లీ ఎన్నికలలో అక్కడ స్త్రీలలో 54.5 శాతం, పురుషులలో 51.1 శాతం ఓటు వేశారు. 2015లో ఆ అంతరం 7 పాయింట్లకు పెరిగింది, 2020లో 5 పాయింట్ల వరకు ఉన్నది. 2025లో స్త్రీలు 71.6 శాతం, పురుషులు 62.8 శాతం. విద్యార్థినులకు సైకిళ్లు, పంచాయతీలలో 50 శాతం రిజర్వేషన్, 2016 మద్యనిషేధం, 2025 ఎన్నికలకు ముందు స్త్రీల ఖాతాలలో వేసిన 10,000 రూపాయలు వరుసగా ఈ పెరుగుదలకు కారణాలుగా చెప్పబడ్డాయి.

అయితే బీహార్ నుండి లక్షలాది పురుషులు కుటుంబాన్ని ఊరిలో ఉంచి పంజాబ్, ఢిల్లీ, ముంబయి, హైదరాబాదులకు పనికి వెళతారు. వారి పేర్లు ఊరి జాబితాలోనే ఉంటాయి. ఒక ఊహాత్మక గ్రామాన్ని తీసుకుందాం. జాబితాలో 500 మంది పురుషులు, 500 మంది స్త్రీలు. పోలింగ్ నాడు ఊరిలో ఉన్నది 400 మంది పురుషులు, 480 మంది స్త్రీలు. ఓటు వేసినది 280 మంది పురుషులు, 312 మంది స్త్రీలు. జాబితా లెక్కన పురుషుల పోలింగ్ 56 శాతం, స్త్రీలది 62.4 శాతం. ఊరిలో ఉన్నవారి లెక్కన పురుషులది 70 శాతం, స్త్రీలది 65 శాతం. మొదటి లెక్కను స్త్రీల రాజకీయ చైతన్యమని, రెండవదాన్ని వెనుకబాటుతనమని రెండు వ్యాసాలు రాయవచ్చు. గ్రామం మాత్రం ఒకటే.

2025లో మరొక మార్పు కూడా తోడైంది. ప్రత్యేక సమగ్ర సవరణ తరువాత జాబితా 7.89 కోట్ల నుండి 7.42 కోట్లకు తగ్గింది. హారం తగ్గితే, ఓటు వేసినవారి సంఖ్య పెరగకపోయినా శాతం పెరుగుతుంది. ఆ ఎన్నికల పెరుగుదల అంతా దీనివల్లనే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. పాత శాతాలతో పోల్చేముందు ఈ భాగాన్ని వేరుచేయాలని మాత్రమే.

స్త్రీల మొగ్గుకు సంబంధించిన వాదాన్ని కూడా ఇక్కడే పరీక్షించవచ్చు. స్త్రీల ఆధిక్యం నితీశ్ కుమార్‌కు బలమని సాధారణంగా చెబుతారు. స్త్రీలు పురుషుల కంటే ముందున్న ఈ నాలుగు ఎన్నికలలో జనతాదళ్ (యు) గెలిచిన స్థానాలు వరుసగా 115, 71, 43, 85. పొత్తులు మారాయి, పోటీ చేసిన స్థానాల సంఖ్య మారింది, నిజమే. అయినప్పటికీ, కారణం స్థిరంగా ఉండి ఫలితం ఇంతగా ఊగిసలాడుతున్నప్పుడు ఆ కారణం ఒక్కదానికే ఫలితాన్ని ముడిపెట్టడం సాధ్యం కాదు.

4. సమూహం నుండి వ్యక్తికి

ఒక ప్రాంతపు మొత్తం లెక్కల నుండి అందులోని వ్యక్తుల ప్రవర్తనను ఊహించడంలోని ప్రమాదాన్ని డబ్ల్యు. ఎస్. రాబిన్సన్ 1950లోనే నిరూపించారు. మన విషయానికి దాన్ని ఇలా అన్వయించుకోవచ్చు. ఒక నియోజకవర్గంలో గతంలో 600 మంది పురుషులు, 400 మంది స్త్రీలు ఓటు వేయగా ‘అ’ పార్టీకి 450, ‘ఆ’ పార్టీకి 550 ఓట్లు వచ్చాయి. ఈసారి స్త్రీల సంఖ్య 600కు పెరిగింది, రెండు పార్టీలకూ చెరి 600 వచ్చాయి. కొత్తగా వచ్చిన 200 మంది స్త్రీలలో 150 మంది ‘అ’ వైపు మొగ్గి ఉండవచ్చు. లేదా వారు చెరి 100గా చీలిపోగా, 50 మంది పురుషులు ‘ఆ’ను విడిచి ‘అ’ వైపు వచ్చి ఉండవచ్చు. రెండవ సందర్భంలో మార్పు తెచ్చినది పురుషులు. ఎన్నికల సంఘం ప్రచురించే ఏ పట్టికా ఈ రెండు సందర్భాలను వేరుచేయలేదు.

5. తెలుగు నేల మీద రెండు ఉదాహరణలు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా కార్యక్రమ వాచకంలోని సీతమ్మ కథ చదివి తమ ఊరి సారా దుకాణాన్ని మూయించడం, ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించడం అందరికీ తెలిసిన చరిత్ర. 1993 అక్టోబరు 1 నుండి కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 ఎన్నికలలో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధాన్ని వాగ్దానం చేశారు. 294 స్థానాలలో తెలుగుదేశం 216 గెలిచింది, కాంగ్రెస్ 26కు పరిమితమైంది. 1995 జనవరి 16 నుండి నిషేధం అమలులోకి వచ్చింది. ఈ వరుసక్రమం నుండి “స్త్రీలు మద్యనిషేధానికి ఓటు వేశారు” అన్న వాక్యం సహజంగా పుడుతుంది.

ఆ వాక్యానికి రెండు అడ్డంకులున్నాయి. అదే ఎన్నికలలో రెండు రూపాయలకు కిలో బియ్యం వాగ్దానం కూడా ఉన్నది. అది వంటింటి భారాన్ని మోసే స్త్రీని ఎంత ఆకర్షించిందో, కూలికి వెళ్లే పురుషుణ్ణి ఎంత ఆకర్షించిందో వేరుచేసి చూపే ఆధారం ఫలితాలలో లేదు. అంతకంటే బలమైన అడ్డంకి తరువాతి చరిత్ర. 1997లో తెలుగుదేశం ప్రభుత్వమే నిషేధాన్ని సడలించింది. 1994 తీర్పు ప్రధానంగా నిషేధానికి పడిన స్త్రీల ఓటే అయితే 1999లో దాని ప్రతిఫలం కనిపించాలి. ఆ ఎన్నికలలో తెలుగుదేశం 180 స్థానాలతో తిరిగి అధికారంలోకి వచ్చింది. స్త్రీలు సారా ఉద్యమాన్ని మరచిపోయారని దీని అర్థం కాదు. డ్వాక్రా సంఘాలు, భాజపాతో పొత్తు, కార్గిల్ అనంతర వాతావరణం వంటి అనేక అంశాల నడుమ వారు నిర్ణయం తీసుకున్నారు. ఉద్యమ చైతన్యాన్ని, పార్టీ విధేయతను ఒకే మాటగా చదవడం మన పొరపాటు.

రెండవ ఉదాహరణ 2024. వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ప్రభుత్వం అమ్మఒడి, ఆసరా, చేయూత పథకాల ద్వారా అయిదేళ్లు స్త్రీల ఖాతాలలో నేరుగా నగదు జమచేసింది. లబ్ధిదారులైన స్త్రీలు స్థిరమైన ఓటు బ్యాంకు అవుతారని అనేకులు అంచనా వేశారు. ఆ పార్టీ స్థానాలు 151 నుండి 11కు పడిపోయాయి. వెంటనే “స్త్రీలు తిరస్కరించారు” అన్న వ్యతిరేక నిర్ధారణ వచ్చింది. అదీ తొందరపాటే. ఓట్ల వాటా దాదాపు 50 శాతం నుండి 39 శాతానికి తగ్గింది. స్థానాల పతనం మన ఎన్నికల పద్ధతి వల్ల అంత భీకరంగా కనిపించింది. ఆ 39 శాతంలో స్త్రీలు సగం కంటే ఎక్కువ ఉండవచ్చు, తక్కువ ఉండవచ్చు. పైగా ఎదుటి కూటమి కూడా ఉచిత బస్సు ప్రయాణం, నెలకు 1500 రూపాయలు అంటూ అదే స్త్రీలను ఉద్దేశించి వాగ్దానాలు చేసింది. ఇరుపక్షాలూ పోటీపడిన చోట స్త్రీలు ఒకే దిక్కుకు ఎందుకు మొగ్గాలి? కులం, వర్గం, ప్రాంతం, పింఛను, భూమి పట్టా, కొడుకు ఉద్యోగం ఆమెకూ ఉన్నాయి.

ఈ ప్రశ్న పండితచర్చకు పరిమితం కాదు. స్త్రీల ఓటును నగదుతో కొనసాగించవచ్చన్న నమ్మకం మీద రాష్ట్రాల బడ్జెట్లు తయారవుతున్నాయి. నమ్మకం తప్పినప్పుడు స్త్రీలకు ‘విశ్వాసం లేనివారు’ అన్న నింద మిగులుతున్నది. పురుషుడు పార్టీ మారితే రాజకీయ నిర్ణయం, స్త్రీ మారితే కృతఘ్నత అనే ఈ తేడాకు మన విశ్లేషణలు కూడా కొంత కారణం.

6. విడిగా లెక్కించిన చోట

చిలీలో స్త్రీలకు అధ్యక్ష ఎన్నికలలో ఓటు హక్కు 1949లో లభించింది. అక్కడ స్త్రీ పురుషులు దశాబ్దాలపాటు వేర్వేరు పోలింగ్ బల్లల వద్ద ఓటు వేశారు, లెక్కింపు కూడా విడిగా జరిగింది. ఊహించవలసిన పని లేకపోయింది. 1958 ఎన్నికలలో పురుషుల ఓట్లలో వామపక్ష అభ్యర్థి సాల్వడార్ అలెండీ ముందున్నారు. స్త్రీల ఓట్లలో హోర్హె అలెస్సాండ్రి ముందుండి, మొత్తం మీద 33 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. స్త్రీల ఓటు ఫలితాన్ని నిర్ణయించిందని గణాంక బలంతో చెప్పగలిగిన అరుదైన సందర్భమిది. 2006లో మిచెల్ బాచెలెట్ గెలిచిన తుది పోటీలో స్త్రీ పురుషుల మద్దతు దాదాపు సమానం. తొలి మహిళా అధ్యక్షురాలిని స్త్రీలే గెలిపించారన్న ఊహను ఆ దేశపు లెక్కలే సవరించాయి.

జర్మనీ మరొక మార్గం ఎంచుకున్నది. 1953 నుండి కొన్ని ఎంపిక చేసిన పోలింగ్ కేంద్రాలలో ఓటరు లింగం, వయోవర్గం తెలిపే గుర్తు ఉన్న బ్యాలెట్లు ఇచ్చి, వ్యక్తి ఎవరో తెలియకుండానే మొగ్గును లెక్కిస్తున్నారు. 1950, 60 దశకాలలో పశ్చిమ జర్మనీ స్త్రీల పోలింగ్ శాతం పురుషులకు చాలా దగ్గరగా ఉన్నది. అయినా క్రైస్తవ ప్రజాస్వామ్య పక్షాల వైపు వారి మొగ్గు స్పష్టంగా ఎక్కువ. 1970లలో ఆ మొగ్గు చాలావరకు తరిగిపోయింది, పోలింగ్ శాతం మాత్రం పెద్దగా మారలేదు. పాల్గొనడం ఒక చరిత్ర, మొగ్గు మరొక చరిత్ర అని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ లేదు. స్త్రీలు సంప్రదాయ పక్షాల వైపు మొగ్గుతారన్న పాత యూరపు పరిశీలన, అభివృద్ధి చెందిన పారిశ్రామిక సమాజాలలో అది తలకిందులైందని 2000లో రొనాల్డ్ ఇంగ్లహార్ట్, పిప్పా నారిస్ చేసిన సిద్ధాంతీకరణ, రెండూ ఇటువంటి దత్తాంశాలు, సర్వేల మీద నిలిచినవే.

7. మనకున్న ఆధారాలు

భారతదేశంలో మొగ్గును తెలిపేవి సర్వేలు మాత్రమే. లోక్‌నీతి–సి.ఎస్.డి.ఎస్. జాతీయ ఎన్నికల అధ్యయనాల ప్రకారం 2014లో భాజపాకు పురుషులలో 33 శాతం, స్త్రీలలో 29 శాతం మద్దతు లభించింది. తరువాతి ఎన్నికలలో ఈ తేడా తగ్గుతూ వచ్చింది. స్త్రీల పోలింగ్ పురుషులతో సమానమవుతున్న కాలంలోనే వారి మొగ్గు కూడా పురుషుల మొగ్గుకు దగ్గరవుతున్నదన్నమాట. ‘ప్రత్యేకమైన స్త్రీల ఓటు’ రూపుదిద్దుకుంటున్నదన్న వాదానికి ఇది ఎదురుదిశ. అయితే ఇంటి గడపలో అత్తమామలో భర్తో వింటుండగా స్త్రీ ఇచ్చే సమాధానానికి ఉన్న పరిమితి క్షేత్రపర్యటన చేసిన పరిశోధకులందరికీ తెలుసు.

పోలింగ్ కేంద్రం వారీ ఫలితాలను, అదే కేంద్రంలో ఓటు వేసిన స్త్రీల సంఖ్యతో జతచేసి అధ్యయనం చేయడం యువ పరిశోధకులకు ఆకర్షణీయంగా తోస్తుంది. దీనిలోని ఆటంకాన్ని ముందే గుర్తించాలి. ఒక కుటుంబంలోని స్త్రీ పురుషులు ఒకే కేంద్రంలో ఓటు వేస్తారు కనుక స్త్రీల వాటా ఒక కేంద్రానికీ మరొక కేంద్రానికీ నడుమ స్వల్పంగానే మారుతుంది, కులం, మతం, ఆదాయం మాత్రం వాడవాడకూ మారతాయి. స్త్రీల వాటా బాగా మారిన కేంద్రాలు ఎక్కువగా పురుషులు వలసవెళ్లిన వాడలే అయి ఉంటాయి. అక్కడ కనిపించే మొగ్గు స్త్రీలదా, పేదరికానిదా అన్న ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది.