మూటలో ఫైలుందా, చిరునామా ఉందా?

కళాశాల కంప్యూటరులోని మీ ప్రాజెక్టు డైరెక్టరీ మొత్తాన్ని ఒకే ఫైలుగా మూటగట్టి, పెన్‌డ్రైవులో ఇంటికి తెచ్చుకున్నారనుకోండి. విప్పి చూస్తే పేర్లన్నీ ఉన్నాయి. తీరా కొలతలున్న ఫైలును తెరవబోతే, అలాంటి ఫైలే లేదంటుంది కంప్యూటరు! పేరు కళ్లెదుటే కనిపిస్తోంది కదా, మరి ఫైలు ఏమైనట్లు?

అది అసలు మూటలోకి రానే లేదు. వచ్చింది దాని చిరునామా మాత్రమే.

యూనిక్స్, లినక్స్ వ్యవస్థల్లో సింబాలిక్ లింకు అనే చిత్రమైన ఫైలు ఉంటుంది. 1983లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వెలువరించిన 4.2 బిఎస్‌డితో ఇది యూనిక్స్‌లోకి వచ్చింది. దీనిలో మరో ఫైలుకు దారి మాత్రమే రాసి ఉంటుంది. ఇల్లు మారినవారు పాత ఇంటి తలుపుకు కొత్త చిరునామా రాసి అంటించిన కాగితం లాంటిదన్నమాట. లింకును తెరిస్తే వ్యవస్థే ఆ దారి వెంట వెళ్లి అసలు ఫైలును చూపుతుంది. అందుకే మనకు తేడా తెలియదు. 'ఎల్ఎస్ -ఎల్' అని టైపు చేసి చూడండి. వరుస మొదట్లో 'ఎల్' అక్షరం, చివర బాణం గుర్తు కనిపిస్తే అది లింకు. దారి 20 ఇంగ్లిషు అక్షరాల పొడవుంటే లింకు పరిమాణం 20 బైట్లే, అసలు ఫైలు 2 గిగాబైట్లున్నా సరే!

మూటగట్టే 'టార్' ఆదేశం 1979 నాటి ఏడవ యూనిక్స్‌లో వచ్చింది. మనం వేరే చెప్పకపోతే ఇది లింకును లింకుగానే భద్రపరుస్తుంది. ఇది లోపం కాదు. వ్యవస్థ మొత్తానికి నకలు తీసేటప్పుడు ఉన్నది ఉన్నట్లే ఉండాలి కదా! అసలు ఫైలే కావాలంటే 'టార్ -సిహెచ్ఎఫ్' అని ఇవ్వాలి. ఇందులోని 'హెచ్' లింకు చూపిన చోటికి వెళ్లమని చెబుతుంది. అయితే లింకు ఓ పెద్ద డైరెక్టరీని చూపుతుంటే అదంతా మూటలోకి వచ్చిపడుతుంది. 'జిప్' తీరు దీనికి విరుద్ధం. అది తనంతట తానే అసలు ఫైలును తీసుకుంటుంది. లింకును లింకుగా ఉంచాలంటే 'వై' ఇవ్వాలి.

లింకు, అది చూపే ఫైలు రెండూ మూటలోనే ఉండి, దారి లింకు ఉన్న చోటు నుంచే రాసి ఉంటే చిక్కులేదు. దారి ఏటవాలు గీతతో, అంటే మూల డైరెక్టరీ నుంచి మొదలైతేనే ప్రమాదం. మీ ఇంటి కంప్యూటరులో అదే చోట, అదే పేరుతో పాత ఫైలు ఒకటి ఉందనుకోండి. లింకు ఏ హెచ్చరికా లేకుండా దాన్నే తెరుస్తుంది. మీరు నిరుటి కొలతలతో గ్రాఫు గీసేస్తారు! ఫైలు లేదన్న సందేశమే ఇంతకంటే నయం.

అసలు ఫైళ్లను చెరిపేముందు 'టార్ -టివిఎఫ్'తో మూటలోని జాబితా చూసి, బాణం గుర్తులెక్కడున్నాయో గమనించండి. తర్వాత విప్పి కూడా చూడండి. అయితే అదే కంప్యూటరులో వద్దు. అక్కడ అసలు ఫైలు ఇంకా ఉంది కనుక, దాన్ని చూపే లింకు చక్కగా పనిచేస్తూ మిమ్మల్ని నమ్మిస్తుంది.