జీనోమ్‌ల పోలికను కంటికి చూపే బొమ్మలు

మనిషి జీనోమ్ సుమారు 300 కోట్ల అక్షరాల వరుస. వాడేవి మాత్రం ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాలే. అలాంటి రెండు వరుసలను పక్కపక్కన పెట్టుకుని చదివితే తేడాలు కంటికి ఆనవు. పోలికను బొమ్మగా గీసే సాఫ్ట్‌వేర్ అవసరం అక్కడే పడింది.

వీటిలో పాతదీ, నేటికీ నమ్మదగ్గదీ చుక్కల పటం. దీన్ని 1970లో గిబ్స్, మెకింటైర్ ప్రవేశపెట్టారు. ఒక వరుసను అడ్డంగా, రెండోదాన్ని నిలువుగా పెట్టి, అక్షరాలు కలిసినచోటల్లా చుక్క పెడతారు. రెండూ ఒకటే అయితే మూల నుంచి మూలకు గీత పడుతుంది. ఒక ముక్క తిరగబడితే ఆ మేర గీత ఎదురు దిక్కుకు వాలుతుంది. ముక్క రాలిపోతే గీత తెగి పక్కకు జరుగుతుంది. అయితే ఒక్కో అక్షరాన్నే పోలిస్తే, ఉన్నవి నాలుగే కాబట్టి కాకతాళీయంగా కలిసేవే ఎక్కువై తెర నిండిపోతుంది. అందుకే వరుసగా పదో ఇరవయ్యో కలిస్తేనే చుక్క పెట్టమంటారు. ఆ సంఖ్య మరీ పెంచితే దూరపు చుట్టరికాలు చెరిగిపోతాయి. ఈ ఎంపిక సాఫ్ట్‌వేర్‌ది కాదు, పరిశోధకుడిది.

2009లో వెలువడిన సర్కోస్ క్రోమోజోములను వలయంగా పేర్చి, సరిపోలే భాగాలను పట్టీలతో కలుపుతుంది. మనిషి రెండో క్రోమోజోము నుంచి బయల్దేరే పట్టీలు చింపాంజీలో రెండు వేర్వేరు క్రోమోజోములకు చేరతాయి. పూర్వం విడివిడిగా ఉన్నవి మనిషి వంశంలో అతుక్కున్నాయనడానికి అది చూడగానే తెలిసే ఆనవాలు.

మనిషికీ మనిషికీ పోలికలో ఇవి చాలవు, తేడాలు అంత స్వల్పం. అక్కడ వంశవృక్షం గీయాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు 2005లో ‘సైన్స్’ పత్రికలో చేసింది అదే. ఓంగీలు, గ్రేట్ అండమానీలు, నికోబారీల మైటోకాండ్రియా జీనోమ్‌లను, అంటే 16,569 అక్షరాల చిన్న వలయాలను, పూర్తిగా చదివి పోల్చారు. ఓంగీలు, గ్రేట్ అండమానీలు చెట్టు మొదట్లోనే చీలిన ఎం31, ఎం32 కొమ్మల మీద నిలిచారు. నికోబారీలు ఆగ్నేయాసియా ప్రజల కొమ్మలకు దగ్గరయ్యారు. ఒకే కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్నా వారి పూర్వీకులు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దారుల్లో వచ్చారన్నమాట.

మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి ఆ చెట్టు తల్లుల వరుసను మాత్రమే చూపుతుంది. తండ్రుల వైపు కథకు వై క్రోమోజోమునూ, మొత్తం పూర్వీకులకు తక్కిన జీనోమ్‌నూ విడిగా పోల్చవలసిందే.