శివారు ఓటు – మధ్యేమార్గపు అభ్యర్థి

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా ‘సబర్బ్ ఆడవాళ్ళు’ అనే మాట పత్రికల్లో కనబడుతూ వుంటుంది. మీరూ చదివే వుంటారు. 2020 అక్టోబరులో పెన్సిల్వేనియాలో జరిగిన ఒక సభలో ట్రంప్ అంతటివారు, దయచేసి నన్ను యిష్టపడండమ్మా అని వాళ్ళను బతిమాలుకున్నారు. ఎవరీ ఆడవాళ్ళు? వాళ్ళ ఓటు కోసం అంత పాకులాట యెందుకు?

శివారు అనగానే మనకి బస్సు వేళకి రాని కాలనీ, యింకా కొళాయి పడని వీధి గుర్తుకొస్తాయి. అక్కడ సంగతి వేరు. ముందు పచ్చిక, వెనక పెరడు, కారు పెట్టుకోను చోటు వున్న విడి యిళ్ళ వూళ్ళవి. రెండో ప్రపంచయుద్ధం తరవాత బాగా పెరిగాయి. ఫిలడెల్ఫియా పక్కన బక్స్ కౌంటీలో లెవిట్‌టౌన్ అనే వూరిని 1952లో మొదలుపెట్టి, వేలకొద్దీ యిళ్ళు ఒకే తీరున కట్టేశారు. తెల్లవాళ్ళకే అమ్మారు. 1957లో ఒక నల్లజాతి కుటుంబం వచ్చి చేరితే గుంపులు రాళ్ళు రువ్వాయి. ఇప్పుడు శివార్లలో అన్ని జాతులవాళ్ళూ వున్నారు. టెక్సాస్‌లో డల్లాస్ పక్కనున్న ప్లేనో, ఫ్రిస్కోల్లో మన తెలుగు సంసారాలే యెన్నో!

ఇక్కడొక చిక్కు చూడండి. ఆ వూళ్ళలో బడి ఖర్చులో పెద్ద భాగం యింటిపన్ను నుంచే వస్తుంది. పన్ను పెరగకూడదు, పిల్లల బడి చెడకూడదు – యింటావిడకి ఈ రెండూ కావాలి. మొదటి కోరిక రిపబ్లికన్ల వైపు లాగుతుంది, రెండోది డెమొక్రాట్ల వైపు. 2022లో సుప్రీంకోర్టు గర్భస్రావపు హక్కుకి రాజ్యాంగ రక్షణ లేదన్నాక మరో లాగుడు కూడా తోడయింది. ఇలాంటి చోట అటూ యిటూ మరీ దూరం పోని మనిషికి గిరాకీ వుండడంలో వింత లేదు. గోఖలే గారిని మన చరిత్ర పుస్తకాలు మితవాది అన్నాయే, ఆ అర్థంలో. ఈ మధ్య పత్రికలు ఆ మాటను వేరే అర్థంలో వాడేస్తున్నాయి గనుక నేను మధ్యేమార్గం అంటున్నాను.

అయితే శివారులో గెలిస్తే పీఠం దక్కినట్టేనా? కాదు. బక్స్‌కి దగ్గరలోనే వున్న చెస్టర్ కౌంటీ సంగతి చూడండి. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీ మెత్తటి మనిషి, మాసాచుసెట్స్ గవర్నరుగా చేసినవారు. చెస్టర్‌లో వెయ్యి ఓట్లు కూడా లేని తేడాతో గెలిచారు, పెన్సిల్వేనియా రాష్ట్రం మాత్రం ఓడిపోయారు. నాలుగేళ్ళకి అదే పార్టీ తరఫున వచ్చిన ట్రంప్ చెస్టర్‌లో పాతికవేల పైచిలుకు ఓట్లతో ఓడారు. రాష్ట్రం మాత్రం నలభైనాలుగు వేల తేడాతో ఆయనదే! శివారులో పోయినదానికంటె యెక్కువ చిన్న పట్టణాల్లో, పల్లెల్లో తెచ్చుకున్నారన్నమాట. రాష్ట్రంలో ఒక్క ఓటు యెక్కువ వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టొరల్ ఓట్లన్నీ – అప్పుడు పెన్సిల్వేనియాకి 20 – గెలిచినవారికే పోతాయి గదా. 2020లో బైడెన్ రెండువైపులా సర్దుకున్నారు. చెస్టర్‌లో యాభైవేల పైగా మెజారిటీ తెచ్చుకున్నారు, పల్లెల్లో మరీ దిగజారలేదు. రాష్ట్రం మీద ఎనభైవేలతో బయటపడ్డారు.

మధ్యేమార్గపు మనిషికి అసలు గండం అంతకన్నా ముందే వుంది. పార్టీలో అభ్యర్థిగా నెగ్గాలి గదా! దానికి జరిగే ప్రైమరీలకి గట్టి పట్టుదల గలవాళ్ళే యెక్కువగా వస్తారు. నిక్కీ హేలీ 2024 మార్చి 6న పోటీ నుంచి తప్పుకున్నారు. అయినా ఏప్రిల్ 23న పెన్సిల్వేనియా రిపబ్లికన్ ప్రైమరీలో లక్షన్నర పైగా ఓట్లు ఆవిడకి పడ్డాయి, అందులోనూ చెస్టర్, మాంట్‌గోమరీ శివార్లలో రాష్ట్రపు సగటును మించి పడ్డాయి. పోటీలో లేని మనిషికి ఓటు వేయడానికి పని మానుకుని వెళ్ళారంటే అది మాట చెప్పడమే.

ఆ ఓట్లు చూసి డెమొక్రాట్లు ఆశపడ్డారు. నవంబరులో చెస్టర్, మాంట్‌గోమరీ కమలా హారిస్ వైపే నిలిచాయి గాని, 1988 తరవాత రిపబ్లికన్లకి దక్కని బక్స్ కౌంటీ కొద్ది తేడాతో ట్రంప్‌కి పోయింది. సరుకుల ధరలు మండిపోతున్నప్పుడు అభ్యర్థి మెత్తదనం ఒక్కటీ చాలలేదని నాకనిపిస్తుంది.

మరి మన ప్లేనో వాళ్ళ మాటేమిటంటారా? ప్లేనో వున్న కాలిన్ కౌంటీలో రామ్నీకి నూటికి 65 వచ్చాయి, 2020లో ట్రంప్‌కి 51 చిల్లరే. మార్పు చిన్నది కాదు. కాని టెక్సాస్ మొత్తం రిపబ్లికన్లదే అవుతూ వచ్చింది. అందుకని, దయచేసి యిష్టపడండమ్మా అని బతిమాలే సభలు పెన్సిల్వేనియాలో జరిగినన్ని అక్కడ జరగవు.