రెండోసారి ఓడెక్కడమే కష్టం

మిషనరీ కుటుంబం తొలిసారి పరదేశం బయల్దేరినప్పుడు సంఘమంతా కదిలొచ్చి సాగనంపుతుంది. పాటలు, ప్రార్థనలు, కన్నీళ్లు, దారి ఖర్చులకు కవర్లు, అన్నీ ఉంటాయి. అదే కుటుంబం కొన్నేళ్లకు సెలవు మీద ఇంటికొచ్చి, ఏడాదో రెండేళ్లో ఉండి మళ్లీ బయల్దేరితే అంత సందడి ఉండదు. తెలిసిన చోటికే కదా వెళ్తున్నారని అందరి ధీమా. మన తెలుగు జిల్లాల్లో పనిచేసిన అమెరికా మిషనరీల చరిత్ర చదివిన కొద్దీ నాకు అర్థమైంది వేరు. మొదటిసారి కన్నా ఈ రెండోసారే బరువు. మొదట వెళ్లేటప్పుడు ఏం వదులుకుంటున్నామో సరిగా తెలియదు, ఎక్కడికి వెళ్తున్నామో అసలే తెలియదు. రెండోసారి ఆ రెండూ తెలిసే ఓడెక్కాలి.

ఈ సెలవును మిషన్లలో ఫర్లో అనేవారు. పాతరోజుల్లో ఏడెనిమిదేళ్లు పనిచేస్తే గానీ అది దక్కేది కాదు. ఎందుకంత అరుదో ప్రయాణం చూస్తే తెలుస్తుంది. ఒంగోలులో పనిచేసిన మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1864 నవంబరు చివర బోస్టన్‌లో ఓడెక్కి, ఆఫ్రికా చుట్టూ తిరిగి, మద్రాసులో దిగేసరికి 1865 ఏప్రిల్ అయింది. సూయెజ్ కాలువ తెరిచింది 1869లో. అందాకా ఇంటికి వెళ్లిరావడమంటే రానూపోనూ ఎనిమిది తొమ్మిది నెలలు సముద్రం మీదే.

పేరుకు సెలవే గానీ విశ్రాంతి తక్కువ. ఆరోగ్యం దెబ్బతిని 1872లో అమెరికా వెళ్లిన క్లౌ, అక్కడ ఊరూరా తిరిగి, సంఘం తర్వాత సంఘంలో మాట్లాడి, రామాయపట్నంలో వేదాంత పాఠశాల కోసం 50,000 డాలర్లు పోగుచేశాడు. కొత్త మిషనరీలను పంపించమని పోరాడాడు. 1874లో తిరిగొచ్చాడు. రెండేళ్లు తిరక్కుండానే 1876-78 ధాత కరువు మీదపడింది. ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. సెలవులో కోలుకున్నదేదైనా ఉంటే అది ఆ కాలువ గట్టు మీదే ఖర్చయిపోయి ఉంటుంది. నేటి మిషనరీలదీ దాదాపు అదే వరస. సెలవు నెలల్లో సగం సూట్‌కేసుల్లోనే గడుస్తుంది. ఈ ఆదివారం ఒక ఊరు, వచ్చే ఆదివారం మరొకటి. ఇల్లు చేరామన్న నిమ్మళం కలిగేలోపు తిరుగు టికెట్టు తేదీ దగ్గరపడుతుంది.

తిరిగొచ్చాక మొదట మొండికేసేది ఒళ్లు. అమెరికాకూ మనకూ తొమ్మిదిన్నర నుంచి పదమూడున్నర గంటల తేడా. నిద్ర సర్దుకోవడానికి గంటకో రోజు చొప్పున వేసుకున్నా పది రోజులు అటూఇటూ పడుతుంది. ఎండకు ఒళ్లు నేర్చుకున్న ఓర్పు చల్లటి దేశంలో కొన్ని వారాలుంటే చాలు, పోతుంది. మళ్లీ రావడానికి వారం, రెండు వారాలు. ఇదంతా లెక్క తెలిసిన ఇబ్బందే, కాలమే తీరుస్తుంది.

లెక్కకు అందనిది పిల్లల సంగతి. మూడేళ్ల పిల్లాడు ఆయా చంకలో పెరిగి తెలుగే మాట్లాడతాడు. ఏడాది అటు వెళ్లొచ్చేసరికి ఆ భాష చాలావరకు జారిపోయి ఉంటుంది. గుమ్మంలో ఎదురొచ్చిన ఆయా 'నాయనా' అంటే తల్లి చాటుకు వెళ్తాడు. ఆ ఆయాకు కలిగే నొప్పిని ఏ మిషను రిపోర్టులోనూ రాయలేదు. ఇక పెద్ద పిల్లల్ని తీసుకురావడమే మానేసేవారు. 1849లో మిషనరీ శామ్యూల్ డే నెల్లూరుకు తిరిగొచ్చినప్పుడు కుటుంబాన్ని అమెరికాలో ఉంచే వచ్చాడు. రాణిపేటలో 1870లో పుట్టిన మిషనరీ కూతురు ఐడా స్కడర్‌ది మరీ గుండె పిండే కథ. చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా వెళ్లింది. ఆ తర్వాత తండ్రి, ఆయన వెనకే తల్లి ఇండియాకు వచ్చేస్తే, పాప మాత్రం షికాగోలో బంధువుల దగ్గర ఉండిపోయింది. తాను మిషనరీ కాకూడదని గట్టిగా అనుకున్న అమ్మాయి, తల్లికి జబ్బు చేసిందని 1890లో వచ్చి, చివరికి వెల్లూరు ఆసుపత్రికి ప్రాణమైంది. కథ సుఖాంతమే. అయినా ఆ మధ్య ఏళ్లలో ఆ పిల్ల పడ్డ ఒంటరితనం దానితో మాసిపోదు. 1901లో కొడైకెనాల్ కొండ మీద అమెరికా మిషనరీల పిల్లల బడి పెట్టారంటే, సముద్రాలవతల పిల్లల్ని వదిలే బాధకు అదొక మందు.

ఈ పిల్లల గురించి శాస్త్రీయంగా ఆలోచించినవారిలో ముఖ్యురాలు రూత్ హిల్ యూసీమ్. 1950లలో భర్తతో కలిసి ఇండియాలో ఉంటున్న అమెరికన్లను పరిశీలించింది. తల్లిదండ్రుల దేశం ఒకటి, పెరిగే దేశం ఇంకొకటి, ఈ రెంటి నడుమ పిల్లలు తమదైన మూడో సంస్కృతిని కట్టుకుంటారని చెప్పింది. పెద్దలు 'ఇంటికి వెళ్తున్నాం' అని అమెరికాకు తీసుకెళ్తారు, పిల్లాడికి మాత్రం వదిలొచ్చిన గుంటూరే ఇల్లు. తిరిగొచ్చాక ఆ గుంటూరులో స్నేహితులు వేరే జట్లు కట్టేసుకుని ఉంటారు. అమ్మానాన్నలకు తమ మార్పు ఒకటే కనిపిస్తుంది, పిల్లాడికి రెండు ఇళ్లూ ఒకేసారి కొత్తవవుతాయి.

పెద్దల కష్టం పని దగ్గర మొదలవుతుంది. వాళ్లు లేనప్పుడు పని ఆగిపోలేదు. 1846 నుంచి 1849 దాకా నెల్లూరులో ఒక్క మిషనరీ కూడా లేడు, ఆ చిన్న సంఘాన్ని కాపాడుకున్నది స్థానిక సహాయకులే. క్లౌ లేని కాలంలో ఒంగోలు పని జాన్ మెక్‌లారిన్ చూశాడు. క్లౌ వచ్చిన 1874లోనే ఆయన కాకినాడ వెళ్లి కెనడా బాప్టిస్టుల పనికి పునాది వేశాడు. యర్రగుంట్ల పేరయ్య వంటి తెలుగు బోధకులు మాత్రం ఎక్కడికీ పోలేదు. దొరలు వచ్చినా పోయినా వాళ్ల పల్లెల్లో వాళ్లున్నారు. రెండేళ్లు తీర్మానాలు చేసిన చేతికి, దొర వచ్చీరాగానే తాళాలు తిరిగివ్వమంటే ఎలా ఉంటుంది? నా దృష్టిలో తిరిగి సర్దుకోవడంలో అసలు ముడి ఇదే. చాలా వివరణలు తిరిగొచ్చిన కుటుంబం వైపు నుంచే చూస్తాయి. వాళ్లతో మళ్లీ సర్దుకోవలసినవాళ్లు ఇటు కూడా ఉన్నారు. ఈ మధ్యలో సంఘంలో ఎవరో చనిపోయారు, ఎవరికో పెళ్లయింది, ఇద్దరి మధ్య మాటలు లేవు. పరామర్శకు వెళ్లవలసిన గడపలు ఎన్నో ఉంటాయి. అవన్నీ తొక్కకుండా నేరుగా ఆఫీసు బల్ల ముందు కూర్చుంటే జనం పైకి ఏమీ అనరు, మనసులో పెట్టుకుంటారు.

గుంటూరులో నెల రోజులుండి డల్లాస్‌కు తిరిగివెళ్లే మనవాళ్లకు ఈ దిగులులో కొంత తెలిసినదే. ఒక తేడా ఉంది. ఉద్యోగి తన దిగులు ఫోనులో వెళ్లగక్కుకోవచ్చు. మిషనరీని పంపినవాళ్లు తమ కానుకలతో పంపారు. వాళ్లకు రాసే ఉత్తరంలో 'మేమిక్కడ సంతోషంగా లేం' అని రాయడానికి చెయ్యి రాదు. అందుకే భార్యాభర్తలిద్దరూ ఒకరి ముందు ఒకరు కూడా ధైర్యం నటిస్తారు. నెలల తరబడి ఇంట్లో ముభావం పేరుకుంటుంది.

ఇది తెల్లదొరల కథ మాత్రమే అనుకోనక్కర్లేదు. 1903లో తెలుగు బాప్టిస్టులే తమ హోమ్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ రంగయ్యను కుటుంబంతో సహా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. చెరకు, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల మధ్య ఆయన సంఘాలు కట్టి, 1915లో అక్కడే కన్నుమూశాడు. ఈనాడూ మన సంఘాలు ఇతర రాష్ట్రాలకూ దేశాలకూ కుటుంబాల్ని పంపుతున్నాయి.

పంపేవాళ్లు చేయగలిగింది ఉంది. తిరిగి వెళ్లిన మొదటి నెల రిపోర్టు అడగొద్దు. కష్టంగా ఉందని రాస్తే కానుక తగ్గదని ముందే నోటితో చెప్పి పంపాలి. ఇక్కడ ఎవరెవరికి వీడ్కోలు చెప్పాలని ఉందో పిల్లల్ని అడిగి, అందుకు రెండు రోజులు అట్టిపెట్టాలి. వెళ్లినవాళ్లు మొదటి ఆదివారాలు వెనక బల్ల మీద కూర్చుని, లేనప్పుడు సంఘం నడిపిన బోధకుడి ప్రసంగం వినాలి. ఆయన నడిపిన కమిటీ నిర్ణయాలు, నచ్చకపోయినా, కనీసం ఆర్నెల్లపాటు ముట్టుకోకూడదు.